కాచానికి అవతలి కొంగ

స్పాటింగ్ స్కోపు ఐపీసుకు కెమెరా ఆనించి దూరపు పక్షిని ఫొటో తీయడాన్ని డిజిస్కోపింగ్ అంటారు. 1999లో మలేసియా పక్షి పరిశీలకుడు లారెన్స్ పో తన చిన్న డిజిటల్ కెమెరాను స్కోపుకు ఆనించి చూసిన దగ్గర్నుంచి ఇది ప్రచారంలోకి వచ్చింది. ఇప్పుడు కెమెరా స్థానంలో ఎక్కువగా ఫోనే ఉంటోంది. లక్షలు పోసి పెద్ద లెన్సు కొనలేనివారికి ఇదే దారి. స్కోపు ముందుండే పెద్ద అద్దం, అంటే వస్తు కటకం, పక్షి బింబాన్ని గొట్టం లోపలే ఏర్పరుస్తుంది. కంటివైపు ఉండే ఐపీసు, పాఠ్యపుస్తకాల మాటలో అక్షి కటకం, ఆ బింబాన్ని భూతద్దంలా పెద్దది చేసి చూపిస్తుంది. స్కోపు అదే అయినా ఐపీసు మారితే చూపు మారిపోతుంది. తక్కువ ఖర్చులో ఏ ఐపీసు తీసుకోవాలన్న లెక్కను కాస్త లోతుకు తీసుకుపోతే, మన దర్శనాలు వందల ఏళ్లు వాదించుకున్న రెండు ప్రశ్నల దగ్గర తేలుతుంది. ఉన్న వస్తువు కంటికి ఎందుకు కనబడదు? అద్దాల గుండా కనబడినదాన్ని చూశామనవచ్చా?

మొదటి ప్రశ్నకు కల్యాణపులోవ మంచి చోటు. అనకాపల్లి జిల్లా రావికమతం మండలంలో తూర్పు కనుమల అంచున ఉన్న జలాశయమిది. ఇలాంటి చెరువుల ఒడ్డున గడ్డిలో గుడ్డికొంగ నిలబడి ఉంటుంది. మెడ ముడుచుకుని, మట్టిరంగు చారలతో, ఎండిన దుబ్బులాగే ఉంటుంది. మనిషి పది అడుగుల దగ్గరికి వచ్చేదాకా కదలదు కాబట్టి దానికి చూపు లేదనుకుని జనం ఆ పేరు పెట్టారు. తీరా లేచి ఎగిరితే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. అప్పటిదాకా అక్కడ పక్షి ఉన్నట్టే తెలియదు. నిజానికి గుడ్డితనం ఎవరిదో పేరు పెట్టినవాళ్లు చెప్పలేదు.

ఉన్నది కనబడకపోవడానికి ఎనిమిది కారణాలు ఉంటాయని ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికల్లో ఏడో కారికలో లెక్క వేశాడు. మరీ దూరం కావడం, మరీ దగ్గర కావడం, ఇంద్రియం చెడిపోవడం, మనసు నిలవకపోవడం, వస్తువు సూక్ష్మం కావడం, మధ్యలో అడ్డు ఉండడం, ఇంకొక వెలుగు దాన్ని అణిచివేయడం, తనలాంటి వాటిలో కలిసిపోవడం. ప్రపంచానికి మూలమని సాంఖ్యులు చెప్పే ప్రకృతి కనబడదు కాబట్టి లేదనేవారికి జవాబుగా వచ్చిన లెక్క ఇది. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరని చెప్పడం దాని పని. వాచస్పతి మిశ్రుడు ఈ కారికకు వ్యాఖ్య రాస్తూ అతిదూరానికి ఇచ్చిన ఉదాహరణ ఆకాశంలో ఎత్తుకు ఎగిరిపోయిన పక్షి. గౌడపాదుడి భాష్యంలో చివరి కారణానికి ఉదాహరణగా పావురాల మధ్య కలిసిన పావురం వస్తుంది. పక్షుల్ని చూసేవారికి ఇంతకంటే పనికివచ్చే పట్టిక ఏ స్కోపు డబ్బాలోనూ దొరకదు.

స్కోపులు అమ్మేవారు మాట్లాడేది ఈ ఎనిమిదింటిలో మొదటిదాని గురించే. డబ్బా మీద పెద్ద అంకెల్లో 60 అనో 75 అనో ఉంటుంది. 300 మీటర్ల అవతల ఉన్న కొంగ 20 రెట్లలో 15 మీటర్ల దూరంలో ఉన్నట్టు, 60 రెట్లలో 5 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనబడాలి. రామాయణంలో సంపాతి నూరు యోజనాల సముద్రం అవతల లంకలో ఉన్న సీతను ఒడ్డునుంచే చూడగలిగాడు. దూరమనే అడ్డు ఒక్కటే తొలిగితే చాలు, తక్కినవన్నీ వాటంతటవే తొలుగుతాయన్న ఊహ ఆ కథ విన్నవారికి సహజంగానే కలుగుతుంది. గద్ద జాతివాడైన సంపాతికి అది చెల్లింది. గాజుకు చెల్లదు. దూరాన్ని తగ్గించే ప్రతి ఐపీసూ తక్కిన ఏడింటిలో కొన్నిటిని పెంచుతుంది. చవక ఐపీసు ఇంకాస్త ఎక్కువ పెంచుతుంది.

ముందు వెలుగు సంగతి. స్కోపు ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే ఐపీసులోంచి బయటికి వచ్చే వెలుగు చుక్క వ్యాసం వస్తుంది. 80 మిల్లీమీటర్ల స్కోపుకు 20 రెట్ల దగ్గర అది 4 మిల్లీమీటర్లు, 60 రెట్ల దగ్గర సుమారు 1.3 మిల్లీమీటర్లు. ఫోను కెమెరా రంధ్రం రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మధ్య ఉంటుందనుకుంటే, 20 రెట్ల దగ్గర దానికి కావలసిన వెలుగంతా అందుతుంది. 60 దగ్గరికి వచ్చేసరికి సుమారు పావు వంతే అందుతుంది. అంటే ఫొటోకు నాలుగింతల సమయం పడుతుంది. అదే సమయంలో గాలికి స్కోపు వణికే వణుకు కూడా మూడింతలై కనబడుతుంది. రెండూ కలిస్తే బొమ్మ చెదిరిపోయే ప్రమాదం పన్నెండింతలు. కారికలో మనసు నిలవకపోవడమని చెప్పిన దోషానికి ఫోను విషయంలో ట్రైపాడ్ నిలవకపోవడమే అర్థం. అనకాపల్లికి దగ్గర్లోని కొండకర్ల ఆవలో తాటిదోనె ఎక్కి తిరిగేవారికి స్కోపు ఎందుకూ పనికిరాదు. అది ఒడ్డున మూడు కాళ్ల మీద నిలబెట్టి వాడే సరుకు. అక్కడ కూడా వేలితో తెర తట్టకుండా రెండు సెకన్ల టైమరు పెట్టడం ఖర్చులేని మందు.

సూక్ష్మం సంగతి ఇంకా కఠినం. ఎంత చిన్న వివరాన్ని విడదీయగలదన్నది ముందు అద్దం వ్యాసాన్ని బట్టి తేలుతుంది. 65 మిల్లీమీటర్ల అద్దం ఎంత బాగా చేసినా 300 మీటర్ల దూరంలో సుమారు రెండున్నర మిల్లీమీటర్ల కంటే చిన్న ఎడాన్ని విడదీయలేదు. ఆ అద్దం ఇచ్చిన వివరమంతా మామూలు కంటికి అందడానికి లెక్క ప్రకారం 35 రెట్లు సరిపోతాయి, హాయిగా చూడాలంటే ఇంకొంచెం. ఆపైన పెంచితే కొంగ పెద్దదవుతుంది గానీ ఈక ఒక్కటి కూడా కొత్తగా కనబడదు. మధ్యాహ్నం నీటి మీద ఆడే వేడిగాలి ఉంటే ఉన్న వివరమూ అందదు. ఆ అడ్డుకు ఏ ఐపీసులోనూ మందు లేదు, పొద్దున్నే వెళ్లడం తప్ప.

మరీ దగ్గర కావడానికి వ్యాఖ్యాతలు ఇచ్చే ఉదాహరణ కంటిలో పెట్టుకున్న కాటుక. కంటికి అంత దగ్గరగా ఉండీ కంటికే కనబడదు. ఐపీసుకు కూడా ఇలాంటి ఎడం ఒకటి ఉంది. చివరి అద్దానికి ఎంత దూరంలో కన్ను పెడితే మొత్తం దృశ్యం కనబడుతుందో ఆ దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. కళ్లజోడు ఉన్నవారికి అది కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి. ఫోనుకు కూడా అంతే అవసరం. దాని అసలు కన్ను పైగాజుకు కాస్త లోపల ఉంటుంది, పైన కవరు మందం ఒకటి. ఐ రిలీఫ్ చాలకపోతే బొమ్మ చుట్టూ నల్లటి అంచు పడుతుంది; ఫోను కాస్త పక్కకు జరిగితే చిక్కుడుగింజ ఆకారంలో నల్లమచ్చ దృశ్యం మీదికి పాకుతుంది. చవకగా దొరికే ప్లోసెల్ రకం ఐపీసుల్లో ఈ ఎడం వాటి నాభ్యంతరంలో 70 శాతం దరిదాపుల్లో ఉంటుంది. 25 మిల్లీమీటర్ల ప్లోసెల్‌కు 17 దాకా వస్తుంది, ఇబ్బంది లేదు. 10 మిల్లీమీటర్లదానికి 7 మాత్రమే, కనురెప్పలు గాజుకు తగులుతాయి.

గుడ్డికొంగకు అసలు అడ్డు దూరం కాదు, గడ్డి. తనలాంటి వాటిలో కలిసిపోయినదాన్ని పట్టుకోవాలంటే చుట్టుపక్కలంతా ఒకేసారి కనబడాలి. కదలిక ఎక్కడుందో తెలిశాకే దగ్గరికి లాగడం. ఇక్కడే జూమ్ ఐపీసుకూ స్థిరమైన ఐపీసుకూ తేడా వస్తుంది. మామూలు 20–60 జూమ్, 20 రెట్ల దగ్గర, సొరంగంలోంచి చూస్తున్నట్టు సుమారు 40 డిగ్రీల వృత్తమే చూపిస్తుంది. 60 డిగ్రీల వెడల్పుతో 30 రెట్లు చూపే స్థిరమైన ఐపీసు అంతే మేర చెరువును చూపిస్తూ, కొంగను మాత్రం ఒకటిన్నర రెట్లు పెద్దది చేస్తుంది. ఫోనులో ఈ తేడా మరింత కనబడుతుంది. 40 డిగ్రీల వృత్తం ఫోను తెర మీద నల్లని పళ్లెంలో రూపాయి బిళ్లలా పడుతుంది. నల్లదనం పోవాలంటే ఫోనులోనే రెండుంపావు రెట్లకు పైగా జూమ్ చేయాలి. 12 మెగాపిక్సెళ్లలో రెండున్నర కూడా మిగలవు. 60 డిగ్రీల వృత్తానికి ఒకటిన్నర రెట్లు చాలు. ఐదున్నర దాకా మిగులుతాయి. మంచి ఫోను కొన్న డబ్బు వృథా కాకుండా ఉండేది ఇక్కడ.

వెలుగు వెలుగును మింగడం, పగలు సూర్యుడి వెలుగులో నక్షత్రాలు మాయమైనట్టు, ఐపీసు లోపలే జరుగుతుంది. పూత లేని గాజు ఉపరితలం ఒక్కోటి సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. ప్లోసెల్‌లో జంటలు జంటలుగా అతికిన నాలుగు అద్దాలు ఉంటాయి, గాలికి తగిలే ముఖాలు నాలుగే; పూత లేకపోయినా 85 శాతం వెలుగు అవతలికి చేరుతుంది. జూమ్‌లో అలాంటి ముఖాలు ఎనిమిది ఉన్నాయనుకుంటే 72 శాతానికి పడిపోతుంది. పోయిన వెలుగు ఊరికే పోదు, గొట్టంలో అటూ ఇటూ తిరిగి పల్చటి పాలపొరలా బొమ్మ మీద పరుచుకుంటుంది. అందుకే చవక జూమ్ కంటే చవక ప్లోసెల్ శుభ్రంగా చూపిస్తుంది. వియన్నాకు చెందిన గియోర్గ్ సైమన్ ప్లోసెల్ 1860లో రూపొందించిన ఈ సాదా అమరిక ఇప్పటికీ చెలామణిలో ఉండడానికి కారణం ఇదే. అయితే నక్షత్రాల టెలిస్కోపులకు వాడే 1.25 అంగుళాల ఐపీసు ప్రతి స్పాటింగ్ స్కోపుకూ పట్టదు. పెంటాక్స్ పీఎఫ్-65 ఈడీ లాంటివాటికి పడుతుంది. దాని నాభ్యంతరం 390 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల ప్లోసెల్ పెడితే 15.6 రెట్లు, 20 పెడితే 19.5. చాలా కంపెనీల స్కోపులు తమ ఐపీసును తప్ప వేరేదాన్ని దగ్గరికి రానివ్వవు. ఐపీసు ఊడిరాని చవక స్కోపులైతే కొన్ననాడే ఈ ఎంపిక ముగిసిపోతుంది. అందుకే స్కోపు కొనేటప్పుడే వెనకవైపు చూసుకోవాలి.

రెండో ప్రశ్న న్యాయదర్శనానిది. ఇంద్రియం వస్తువును తాకితేనే ప్రత్యక్షజ్ఞానం పుడుతుందని నైయాయికుల మతం. కన్ను తేజస్సుతో చేసినది, దాని కిరణం బయటికి పోయి వస్తువును చేరుతుందని వారు చెబుతారు. న్యాయసూత్రాల మూడో అధ్యాయంలో ఈ మతానికి ఒక ఆక్షేపణ వస్తుంది. గాజు, అభ్రకం, స్ఫటికం అడ్డున్నా అవతలి వస్తువు కనబడుతోంది కదా, మరి కన్ను తాకిందెక్కడ? జవాబు సూటిగా ఉంటుంది. గోడ కిరణాన్ని ఆపుతుంది, గాజు ఆపదు. ఆపనిది అడ్డే కాదు. ఈ లెక్కన ఐపీసులో ఎన్ని అద్దాలున్నా, స్కోపు లోపల పట్టకం చూపును ఎన్ని మలుపులు తిప్పినా, కొంగను చూడడం చూడడమే. అద్దంలో ముఖం చూసుకోవడాన్ని కూడా నైయాయికులు కిరణం వెనక్కి తిరగడంగానే చెప్పారు. కంటికి కిరణాలు ఉన్నాయనడానికి వారు చూపిన సాక్ష్యం రాత్రి తిరిగే జంతువుల కళ్లు మెరవడం. ఆ మెరుపు కంటి వెనకపొర నుంచి తిరిగివచ్చే బయటి వెలుగని ఇప్పుడు తెలుసు. పదకొండో శతాబ్దంలో అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైథమ్ వెలుగు వస్తువునుంచి కంటికి వస్తుందని నిలబెట్టాడు. 1604లో ఖగోళవేత్త కెప్లర్ వస్తువు బింబం రెటీనా మీద పడుతుందని తేల్చాడు. దిక్కు తారుమారైంది గానీ గాజు అడ్డు కాదన్న తీర్పు మాత్రం చెక్కుచెదరలేదు.

తాకడమనే మాటకే బౌద్ధులు ఒప్పుకోలేదు. కన్ను తాకే చూస్తే తనకంటే పెద్దదైన కొండను ఎలా చూస్తుంది, మధ్యలో ఎడం ఉన్నట్టు ఎలా తెలుస్తుంది అని దిఙ్నాగుడు అడిగాడు. అతను ఆంధ్రదేశంలో, వేంగికి దగ్గర్లోని ఒక కొండ మీద హేతువిద్య గ్రంథం రాశాడని ఏడో శతాబ్దపు చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ నమోదు చేశాడు. అనకాపల్లి పక్కన శంకరంలోని బౌద్ధక్షేత్రం బొజ్జన్నకొండకు అతనితో సంబంధం ఉన్నట్టు ఆధారమేమీ లేదు గానీ, ఈ వాదం ఈ నేలకు పరాయిది కాదనడానికి ఆ కొండ చాలు. దిఙ్నాగుడి దృష్టిలో ప్రత్యక్షమంటే కల్పన కలవని తొలి క్షణపు జ్ఞానం మాత్రమే. చారలున్న మట్టిరంగు ముద్ద ఒకటి కనబడడం ప్రత్యక్షం. అది గుడ్డికొంగ అని పేరు పెట్టేసరికి కల్పన కలిసింది. ఐపీసు మంచిచెడ్డలు ఆ తొలి ముద్ద దాకానే. పేరు పెట్టడం చూసేవాడి పని, అక్కడ ఏ కంపెనీ గాజూ సాయపడదు.

సంస్కృతంలో కాచమంటే గాజు. ఆయుర్వేదంలో అదే మాట కంటి జబ్బుకు పేరు, చూపు మసకబారే తిమిరం ముదిరి వచ్చే దశ. ఒక్క మాటలో రెండర్థాలు ఇరుక్కున్నట్టే చవక ఐపీసులో కూడా రెండూ కలిసి ఉంటాయి. కామెర్లు వచ్చినవాడికి తెల్లని శంఖం పచ్చగా కనబడడం భ్రమకు తార్కికుల పాత ఉదాహరణ. నీలాకాశం ముందు నిలబడ్డ తెల్లకొంగను చవక అద్దంలో చూస్తే మెడ ఒక అంచున ఊదా గీత, రెండో అంచున ఆకుపచ్చ గీత కనబడతాయి. రంగుల్ని ఒకేచోటికి చేర్చలేని అద్దం దోషమిది. ఎక్కువభాగం ముందు అద్దానిది, అంచుల దగ్గర ఐపీసుది. రెట్లు పెంచితే గీత కూడా పెరుగుతుంది. తెల్లకొంగ విషయంలో ఎవరూ మోసపోరు. కాలి రంగు, ముక్కు కొస రంగు చూసి జాతి తేల్చవలసిన చిన్న ఉల్లంకుల దగ్గర మాత్రం ఆ గీత అబద్ధసాక్ష్యమవుతుంది.

కన్ను తీసి ఫోను పెట్టేసరికి వ్యవహారం ఇంకో మెట్టు దిగుతుంది. తార్కికుల, అంటే నైయాయికుల, మతంలో కన్ను వస్తువును తాకితే చాలదు; ఆత్మ మనసుతో, మనసు కంటితో కలవాలి. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంతో ఈ శాస్త్రంలోకి అడుగుపెట్టినవారందరికీ ఇది మొదటి పాఠాల్లోనిదే. ఫోనుకు మనసు లేదు. కాబట్టి అది కొంగను చూడలేదు, కొంగనుంచి వచ్చిన వెలుగు గుర్తు పెట్టుకుంది. తరువాత తెర మీద మనిషి చూసేది ఆ గుర్తును. పొగను చూసి నిప్పును తెలుసుకున్నట్టు, గుర్తును చూసి కొంగను తెలుసుకుంటాడు. ఇది ప్రత్యక్షం కాదు, అనుమానం. ఈ తీర్పును అందరూ ఒప్పుకోరు. అమెరికా తాత్వికుడు కెండాల్ వాల్టన్ 1984లో, ఫొటో కూడా టెలిస్కోపులాగే పారదర్శకమని, ఫొటోలో తాతను చూసినవాడు తాతనే చూస్తున్నాడని వాదించాడు. చిత్రకారుడి చెయ్యి, నమ్మకం మధ్యలో దూరవు, వస్తువు మారితే బొమ్మ దానంతటదే మారుతుందన్నది అతని ఆధారం. ఇప్పటి ఫోనుల విషయంలో ఆ ఆధారం కాస్త సడలింది. అవి చాలా బొమ్మల్ని కలిపి, బొమ్మలోని గరుకును నునుపు చేసి, అంచుల్ని తామే పదును పెడతాయి. ఈకల చారలు నిజమైనవా, ఫోను దిద్దినవా అన్న సందేహం అక్కడ మొదలవుతుంది. ఐపీసునుంచి బాగా వెలుగున్న, నిలకడైన, వెడల్పైన దృశ్యం అందితే ఫోనుకు దిద్దే పని తగ్గుతుంది. తక్కువ రెట్ల ఐపీసు తీసుకోవడానికి ఇది ఇంకొక కారణం, తార్కికుడికి నచ్చేది.

ఇంటికి వచ్చాక ఫొటోను పెద్దది చేసి చూస్తే గుడ్డికొంగ పక్కన గడ్డిలో రెండోది బయటపడడం డిజిస్కోపింగ్‌లో అరుదు కాదు. స్కోపు దగ్గర ఉన్నప్పుడు దాని వెలుగు కంటిలో పడే ఉంటుంది, మనసు మాత్రం మొదటిదాని మీదే ఉంది. నైయాయికుడి లెక్కలో అప్పుడు దాన్ని చూడలేదు, ఇప్పుడు కూడా చూడలేదు. ఉందని మాత్రం తెలిసింది. వాల్టన్ లెక్కలో ఇప్పుడు చూశారు, కొన్ని గంటలు ఆలస్యంగా. సాంఖ్యుడు ఈ గొడవలోకి రాడు. ఎనిమిది కారణాల్లో రెండు, మనసు నిలవకపోవడం, గడ్డిలో కలిసిపోవడం, దాన్ని దాచాయని చెప్పి ఊరుకుంటాడు. కల్యాణపులోవలో అలాంటి రోజున గుడ్డికొంగల లెక్క రెండని రాయడానికి ముగ్గురిలో ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ అంకె పక్కన చూసినవి ఎన్ని అన్న గడి ఒకటి ఉంటే, అందులో ఏం రాయాలన్న దగ్గరే నైయాయికుడూ వాల్టనూ విడిపోతారు.